హీటరు కొనే ముందు కిటికీ తెరవండి

ఉత్తరాది చలి దేశాల్లో చలికాలమంతా చిన్న మోటారుబోటులోనే కాపురముంటూ రేవు నుంచి రేవుకు తిరగాలనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: ఎన్ని కిలోవాట్ల హీటరు పెట్టించాలి? ప్రశ్న మంచిదే, అడిగే వరసే తప్పు. ఎనిమిది తొమ్మిది మీటర్ల బోటును వెచ్చబెట్టడం పెద్ద విద్యేం కాదు. సరిగ్గా బిగించిన రెండు కిలోవాట్ల డీజిల్ హీటరు ఆ పని చేస్తుంది. పొడిగా ఉంచడమే అసలు విద్య. జనవరికల్లా మూటాముల్లె సర్దుకుని దిగిపోయేవాళ్లను అడిగితే చలికి వణికామనేవాళ్లు తక్కువ. పరుపు కింద తడి, బట్టల అరలో బూజు, తెల్లవారుజామున పైకప్పు నుంచి మొహం మీద పడే చుక్క: వాళ్లు చెప్పుకునేవి ఇవీ.

అందుకే నా వరస వేరు. ముందు గాలి, తర్వాత గోడలు, ఆ తర్వాతే హీటరు. డబ్బు కూడా అదే వరసలో ఖర్చుపెట్టాలి.

లెక్క వేసి చూడండి. 0 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి మహా అయితే 5 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. అదే గాలి 20 డిగ్రీలకు వేడెక్కితే 17 గ్రాములు మోయగలదు. చిన్న క్యాబిన్‌లో 12 ఘనమీటర్ల గాలి ఉందనుకుందాం. బయటి గాలిని లోపలికి తెచ్చి వేడి చేస్తే అందులో ఉండే నీళ్లు 60 గ్రాములు, పట్టే చోటు 200 గ్రాములకు. నిద్రపోయే మనిషి ఊపిరితో, చెమటతో గంటకు సుమారు 40 గ్రాముల నీళ్లు వదులుతాడు. ఇద్దరుంటే 80. అన్నీ బిగించుకుని పడుకుంటే రెండు గంటలు తిరక్కుండానే గాలి నిండిపోతుంది. తెల్లారేదాకా వచ్చే మిగతా ఆవిరి చల్లటి గోడను వెతుక్కుని అక్కడ నీళ్లయి కూర్చుంటుంది. నిజానికి అంతసేపు కూడా ఆగదు, గాలి సగం నిండేసరికే అద్దాల మీద కారడం మొదలవుతుంది.

దీనికి తోడు వంట. కిలో ప్రొపేన్ కాలితే 1.6 కిలోల నీళ్లు పుడతాయి. పొగగొట్టం లేని గ్యాస్ హీటరు వెలిగించి క్యాబిన్ వెచ్చబెట్టుకోవడమంటే బకెట్టుతో నీళ్లు తెచ్చి పరుపు మీద పోసుకోవడమే. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు భయం సరేసరి. వంట పొయ్యిని హీటరుగా వాడేవాళ్లకు కూడా ఇదే జవాబు. వండేటప్పుడు గిన్నె మీద మూత, నెత్తిన తెరిచిన హ్యాచ్ (పైకప్పు తలుపు), ఈ రెండూ ఉంటే సగం గొడవ తీరుతుంది.

కిటికీ తెరిస్తే వేడంతా పోదా అంటారు. పోతుంది. ఎంత? ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.2 కిలోజౌళ్లు చాలు. మన 12 ఘనమీటర్లనూ గంటకు రెండుసార్లు పూర్తిగా మార్చి, ప్రతిసారీ 0 నుంచి 20 డిగ్రీలకు తెచ్చినా ఖర్చు 160 వాట్లే. రోజు మొత్తానికి నాలుగు కిలోవాట్-అవర్ల లోపు. హీటరులో పోయేది కలుపుకున్నా అర లీటరు డీజిల్. లోపల 60 శాతం తేమ ఉన్నప్పుడు ఆ అర లీటరు ఖర్చుతో గంటకు 130 గ్రాముల నీళ్లు బయటికి పోతాయి. ఇద్దరి ఊపిరి పోగా కొంత వంటకు కూడా మిగులుతుంది. నీళ్లు తోడే యంత్రాల్లో ఇంత చవకైనది ఇంకోటి లేదు.

బయట పొగమంచు కమ్మేసి తేమ 100 శాతం ఉన్నప్పుడు తెరిస్తే ఎలా అన్నది తరచూ వచ్చే సందేహం. అప్పుడూ తెరవాల్సిందే. 5 డిగ్రీల దగ్గర తేమతో నిండిన గాలి లోపలికొచ్చి 20 డిగ్రీలకు చేరేసరికి దాని తేమ 40 శాతం. శాతం చూసి భయపడకూడదు, గ్రాములు చూడాలి.

తెరవడమంటే కిటికీ బార్లా తీసి పెట్టడం కాదు. రెండు రంధ్రాలు కావాలి: ఒకటి కిందుగా, ఒకటి పైన పొయ్యికి దగ్గరగా, రెండూ బోటుకు చెరో కొసన ఉంటే మేలు. ఒక్కోటి 100 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టపు వెంటిలేటరయితే చాలు. గాలి కదలని రాత్రుల కోసం పైదానికి ఓ చిన్న 12 వోల్టుల ఫ్యాను. ఇవి మూసుకోవడానికి వీల్లేనివైతే ఇంకా మంచిది, ఎందుకంటే వీలుంటే చలి రాత్రి మనిషి చెయ్యి మూతమీదికే పోతుంది. మంచు పడ్డ రోజు వాటి నోళ్లు పూడిపోయాయేమో చూసుకోవాలి.

ఇక గోడలు. 20 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలికి 12 డిగ్రీల కన్నా చల్లనిది ఏది తగిలినా నీళ్లు వదిలేస్తుంది. నీటిమట్టం కింద బోటు గోడ సముద్రమంత చల్లగా, 4 డిగ్రీలో 5 డిగ్రీలో ఉంటుంది. కాబట్టి గాలి ఆ గోడను తాకకుండా చూడాలి. ఇందుకు లోపలి బుడగలన్నీ విడివిడిగా మూసుకుని ఉండే నురుగు షీట్లు, అంటే నీళ్లు పీల్చని నైట్రైల్ రబ్బరు లేదా పాలిథిన్ ఫోమ్, 20 నుంచి 25 మిల్లీమీటర్ల మందం వాడాలి. బయటికీ లోపలికీ 20 డిగ్రీల తేడా ఉన్నప్పుడు వట్టి ఫైబర్‌గ్లాసు గోడ చదరపు మీటరుకు సుమారు 100 వాట్లు పోగొడుతుంది. 25 మిల్లీమీటర్ల ఫోమ్ వేస్తే అది నాలుగో వంతుకు దిగుతుంది. ఇరవై చదరపు మీటర్ల గోడకు ఈ లెక్క కడితే ఒక పూర్తి హీటరు మిగిలినట్టు.

అయితే అతికించడంలోనే పని చెడుతుంది. షీటుకూ గోడకూ మధ్య సందు మిగిలిందా, ఆవిరి దాని వెనక దూరి కంటికి కనపడకుండా కారుతుంది. అందుకే జిగురు అంచులకే రాయకుండా మొత్తం పూయాలి, అతుకుల మీద టేపు వేయాలి. గాజు ఉన్ని, తివాచీ లైనింగు లాంటివి ఆవిరిని లోపలికి రానిస్తాయి, వాటి వెనక బూజు పెరుగుతుంది. థర్మోకోల్‌ను కరెంటు తీగలకు తగలనివ్వకండి. తీగ మీద ఉండే పీవీసీలోని మెత్తదనాన్ని అది లాగేసి పెళుసు చేస్తుంది. ఫోమ్ కింద పూర్తిగా పూడిన తీగకు వేడి పోయే దారి ఉండదు, హీటరు తీగలాంటి ఎక్కువ కరెంటు మోసేవాటిని బయటే ఉంచాలి. సముద్రపు నీటి వాల్వులను ఎప్పుడూ కప్పకూడదు, చీకట్లో చెయ్యి పెడితే పిడి దొరకాలి.

అద్దాలకు 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ పలక లోపలి వైపు అయస్కాంతపు పట్టీతో బిగిస్తే నష్టం సగానికి తగ్గుతుంది. అల్యూమినియం ఫ్రేములు అద్దం కన్నా ఎక్కువ కారుస్తాయి, పలక ఫ్రేమును కూడా కప్పేంత పెద్దగా కోయించాలి. పరుపు కింద గట్టి చెక్క ఉంటే అందులో రంధ్రాలు చేయాలి లేదా పట్టీలు వేయాలి, పైన 20 మిల్లీమీటర్ల జాలీ పరవాలి. పొద్దున లేవగానే పరుపును నిలబెట్టడం పళ్లు తోముకోవడమంత మామూలు పని కావాలి.

హీటరు సంగతికి ఇప్పుడొద్దాం. గాలి, గోడలు సరిచేశాక చాలామందికి తెలిసేదేమిటంటే, కొనాలనుకున్న నాలుగైదు కిలోవాట్లదాంట్లో సగం చాలని. పెద్దది కొంటే ఏం, తక్కువలో పెట్టి వాడుకోవచ్చు కదా అనుకోవడం పొరపాటు. గాలి ఊదే డీజిల్ హీటరు ఎప్పుడూ చిన్న మంట మీదే నడిస్తే మసి పేరుకుని, గ్లో పిన్ను (మంట అంటించే వేడి పుల్ల) పూడి, ఒక చలి రాత్రి వెలగనంటుంది. చిన్నదాన్ని గట్టిగా నడపడం మేలు. ఏదైనా సరే, వారానికి రెండుమూడు సార్లు అరగంట పూర్తి మంట మీద పెట్టాలి.

రెండు కిలోవాట్ల హీటరు పూర్తి మంట మీద గంటకు పావు లీటరు, చిన్న మంట మీద దాదాపు అందులో సగం తాగుతుంది. రోజుకు మూడు నాలుగు లీటర్లు అనుకోవచ్చు. కాలడంవల్ల పుట్టే నీళ్లు పొగతోపాటే బయటికి పోతాయి, గ్యాస్ పొయ్యితో పోలిస్తే దీని గొప్పంతా అక్కడే. బిగించేటప్పుడు జరిగే తప్పులు కొన్నే, కానీ అందరూ అవే చేస్తారు. మొదటిది సన్న తీగలు. వెలిగేటప్పుడు గ్లో పిన్ను రెండు నిమిషాలపాటు 8 నుంచి 10 యాంపియర్లు లాగుతుంది. సన్న తీగలో వోల్టేజీ పడిపోతే కంట్రోలరు బ్యాటరీ ఖాళీ అనుకుని ఆపేస్తుంది, బ్యాటరీ నిండుగానే ఉంటుంది. రెండోది, మెయిన్ స్విచ్‌తో ఆపేయడం. ఆపాక ఫ్యాను ఇంకో రెండుమూడు నిమిషాలు తిరిగి లోపలి వేడిని తోసేయాలి, కరెంటు ఒక్కసారిగా తీస్తే లోహం మాడుతుంది. మూడోది, ట్యాంకులో ఇంజను గొట్టానికే హీటరును తగిలించడం. దానికి వేరే గొట్టం పెట్టాలి, అదీ ఇంజను గొట్టం కన్నా పైన ఆగాలి. అప్పుడు హీటరు ఎంత తాగినా ఇంటికి చేరే డీజిల్ మిగులుతుంది. నాలుగోది ఈ వ్యాసానికి మూలం: లోపలి గాలినే పీల్చి లోపలికే ఊదేలా బిగించడం. పీల్చే గొట్టానికి బయటి నుంచి ఒక పాయ కలపండి, హీటరే వెంటిలేటరు అవుతుంది.

చుక్కలుగా డీజిల్ పడే పొగగొట్టపు పొయ్యిని కొందరు ఇష్టపడతారు. కరెంటు అక్కర్లేదు, చప్పుడు లేదు, క్యాబిన్ గాలినే పీల్చి చిమ్నీలోంచి పంపుతుంది కాబట్టి గదిని ఎండబెడుతుంది. లంగరు వేసి రోజుల తరబడి ఉండేవాళ్లకు అదే సరి. కానీ మోటారుబోటు పైకప్పు తక్కువ ఎత్తు, గొట్టానికి చాలినంత పొడవు దొరకదు. పొడవు లేకపోతే ఈదురుగాలికి పొగ లోపలికి తంతుంది.

మోటారుబోటుకు ఇంకో ప్రత్యేకత ఉంది, ముందు అద్దం. లోపల కూర్చుని నడిపేవాళ్లకు అదే కళ్లు. హీటరు వేడి గొట్టాల్లో ఒకటి తప్పనిసరిగా ఆ అద్దం అడుగుకు పోవాలి. బయటి వైపు ఉప్పు గడ్డలు కట్టకుండా వైపరుతో పాటు గడ్డకట్టని వాషర్ ద్రవం కావాలి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం గురించి తర్కం అక్కర్లేదు, ఈఎన్ 50291-2 గుర్తు ఉన్నది కొనాలి, అది బోట్లకూ క్యారవాన్లకూ రాసిన ఐరోపా ప్రమాణం. పడుకునే చోట ఒకటి, నడిపే చోట ఒకటి. రెండోది ఎందుకంటే వెనక గుడారం బిగించుకుని నడిపేటప్పుడు అమరం (బోటు వెనక కొస) వెనక గాలి సుడి తిరిగి ఇంజను పొగను లోపలికి లాగుతుంది. ముందు ఏదైనా కొంచెం తెరిచి ఉంటే గాలి అణియం (ముందు కొస) నుంచి అమరానికి పారుతుంది, పొగ వెనక్కే పోతుంది. గ్యాస్ వాడేవాళ్లకు ఒక చిన్న మాట: బ్యూటేన్ సున్నాకు కాస్త కిందనే ఆవిరవడం మానేస్తుంది, చలికాలం సిలిండరులో ప్రొపేన్ ఉండాలి.

కరెంటు లెక్క ఎండాకాలానికి తలకిందులు. ఫ్రిజ్ దాదాపు నిద్రపోతుంది, హీటరు ఫ్యానూ దీపాలూ లేస్తాయి. హీటరు సగటున ఒకటిన్నర యాంపియర్లు లాగితే రోజుకు 36 యాంపియర్-అవర్లు. దీపాలు, పంపులు, ఫోను, రేడియో కలిపి 12 వోల్టుల దగ్గర రోజుకు 70 నుంచి 80 పెట్టుకోండి. సోలారు మీద ఆశ వద్దు. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో 7 డిగ్రీల ఎత్తుకు కూడా రాడు, పడుకోబెట్టిన పలకకు వచ్చేది సున్నాకు దగ్గర. లెడ్ యాసిడ్ బ్యాటరీ 0 డిగ్రీల దగ్గర ఐదింట నాలుగు వంతులే ఇస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నాకు కింద చార్జి చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని చెడిపోతుంది, దాన్ని వెచ్చటి అరలో పెట్టాలి. ఇక్కడ మోటారుబోటే గెలుస్తుంది: నాలుగు గంటలు ప్రయాణిస్తే ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు రోజు ఖర్చు తిరిగి నింపుతుంది, ఇంజను వేడితో ముప్పై లీటర్ల వేణ్నీళ్లూ తయారు.

రేవులో కరెంటుకు తగిలించుకుంటే సుఖమే, కానీ సాధారణంగా దొరికేది 16 యాంపియర్లు, కొన్నిచోట్ల 6. చుట్ట విప్పని తీగ, నల్లబడ్డ ప్లగ్ పిన్ను అగ్నిప్రమాదానికి ముందు మెట్లు. ఫ్యాను హీటరు పెట్టి బోటు వదిలి వెళ్లడం నేరంకింద లెక్క, థర్మోస్టాట్ ఉన్న 500 వాట్ల నూనె రేడియేటరు చాలు. తేమ పీల్చే యంత్రం కొనేవాళ్లు డెసికెంట్ రకం (తేమను పీల్చే పదార్థంతో పనిచేసేది) తీసుకోవాలి, కంప్రెసర్ రకానికి చల్లటి బోటులో చుట్టల మీద మంచు కడుతుంది. నెలల తరబడి తగిలించి ఉంచితే గాల్వానిక్ ఐసొలేటరు (రేవు తీగ గుండా బోట్ల మధ్య పారే తుప్పు కరెంటును ఆపే పరికరం) తప్పదు, లేకపోతే పక్క బోట్ల తుప్పుకు మీ యానోడ్లు, అంటే బోటు లోహాలకు బదులు తుప్పు పట్టే ముక్కలు, కరుగుతాయి.

ప్రయాణం దగ్గరికొస్తే, చలికాలంలో దూరాన్ని పగలే నిర్ణయిస్తుంది. 60 డిగ్రీల అక్షాంశంలో డిసెంబరు పగలు ఆరు గంటలు కూడా ఉండదు. పొద్దున గంట మంచు గీకడానికి, సాయంత్రం గంట చేతిలో ఉంచుకోవడానికి తీసేస్తే మిగిలేవి నాలుగు. ఆరు నాట్ల (గంటకు ఆరు నాటికల్ మైళ్ల) వేగంతో 24 నాటికల్ మైళ్లు. అంతకు మించిన దూరంలో ఉన్న రేవును మర్నాటికి వదిలేయాలి. ఇరవై నాట్లు పోయే బోటు ఉంది కదా అనేవాళ్లకు రెండు మాటలు. తుఫాన్ల తర్వాత కొట్టుకొచ్చే దుంగలు సగం మునిగి ఉంటాయి, వాలు వెలుతురులో కనిపించవు. పైగా చలికాలం ఇంధనం పోసే చోట్లు చాలా మూతపడతాయి, వేగానికి తగ్గట్టు డీజిల్ దొరకదు. ట్యాంకులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచాలి. హీటరు తాగే నాలుగు లీటర్లు ఈ లెక్కలో కలపడం మరిచిపోతారు.

డీజిల్ ట్యాంకును నిండుగా ఉంచడానికి ఇంకో కారణం మళ్లీ నీళ్లే. సగం ఖాళీ ట్యాంకు గోడల మీద ఆవిరి చెమర్చి అడుక్కి దిగుతుంది, నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు జిగురుగా పెరుగుతాయి. రేవులో అదేమీ చేయదు. అలలు లేచిన రోజు అంతా కలిసి ఫిల్టరుకు చేరుతుంది, ఇంజను ఆగితే ప్రమాదమయ్యే రోజూ అదే. నీటిని వేరుచేసే గిన్నెను ప్రతి ప్రయాణానికి ముందు చూడాలి, మార్చడానికి నాలుగు ఫిల్టర్లు ఉండాలి. ఎండాకాలపు డీజిల్ మైనం కట్టకముందే వాడేసి శీతాకాలపు రకం నింపుకోవాలి.

నీళ్లు గడ్డకడితే ఇంజను గదిలో మొదట పగిలేది స్ట్రెయినర్, అంటే ఇంజనును చల్లార్చే నీటిని వడగట్టే జల్లెడ డబ్బా. సముద్రపు నీరు మైనస్ 1.9 డిగ్రీల దాకా గడ్డకట్టదు, నదీముఖాల్లోని తీపి నీరు సున్నాకే కడుతుంది. ఇంజను గదిలో 60 వాట్ల గొట్టపు హీటరో, క్యాబిన్ నుంచి చిన్న వేడి గొట్టమో ఉంటే చాలు. నీటి మీద మంచు ముద్ద తేలుతుంటే జల్లెడ నిమిషాల్లో పూడి ఉష్ణోగ్రత ముల్లు లేస్తుంది. కొత్తగా కట్టిన పలుచటి మంచు గాజు పెంకులాంటిది, ఫైబర్‌గ్లాసును నీటిమట్టం దగ్గర రంపంలా కోస్తుంది. సెంటీమీటరే కదా అని దూరకండి.

గాలి మైనస్ రెండుకు దిగి, గాలివేగం సెకనుకు 10 మీటర్లు దాటి, నీరూ చల్లగా ఉంటే తుంపర డెక్ మీదే గడ్డకడుతుంది. పది చదరపు మీటర్ల మీద సెంటీమీటరు మంచు అంటే 90 కిలోలు, అదీ పైన. చిన్న బోటు నిలకడ పోవడానికి అది చాలు. ఈ సూచన ఉన్న రోజు బయల్దేరకూడదు. దారిలో పట్టుకుంటే వేగం తగ్గించి, గాలి వెనకనుంచి వచ్చేలా తిప్పి, చెక్క సుత్తితో కొట్టి రాల్చాలి. రేవులో కట్టిన బోటుకూ ఇలాంటి బరువే ఆకాశం నుంచి కురిసే మంచు రూపంలో పడుతుంది. అమరం కిందికి దిగుతుంది, డెక్ నీళ్లు పోయే రంధ్రాలు గడ్డకట్టి మూసుకుంటాయి, బిల్జి పంపు (బోటు అడుగున చేరే నీటిని తోడేది) తేలే స్విచ్ మంచులో ఇరుక్కుంటుంది. కట్టిన చోటే బోట్లు మునిగేది ఇలాగే. ప్లాస్టిక్ పారతో రోజూ తోయాలి.

నీళ్లలో పడే చోటు సాధారణంగా సముద్రం మధ్య కాదు, జారే రేవు చెక్క మీద, రాత్రి చెత్త పారేయడానికి వెళ్తున్నప్పుడు. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయపు పరిశోధకుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చలినీటి గురించి ప్రచారం చేసిన లెక్క గుర్తుంచుకోవడానికి తేలిక: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు పనిచేసేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి 1 గంట. అంటే ఎక్కడానికి ఉన్నది ఆ పది నిమిషాలే, అందులోనూ మొదటి నిమిషం ఒడ్డున ఉన్నదేదో గట్టిగా పట్టుకోవడానికే పోతుంది. దానంతటదే ఉబ్బే లైఫ్‌జాకెట్ ఇంటి నుంచి చెత్తబుట్టకు పోయేటప్పుడూ వేసుకోవాలి. బోటు నిచ్చెన నీళ్లలోంచి చేత్తో లాగితే కిందికి రావాలి. డెక్ మీంచి మాత్రమే విప్పగలిగే నిచ్చెన ఒంటరి మనిషికి లేనట్టే. నిచ్చెన చివర వేలాడే తాడును డిసెంబరు నుంచి రోజూ ఒకసారి లాగి చూడండి, పైన గడ్డకట్టి అంటుకుపోయి ఉండొచ్చు.